టెస్లా కాయిల్‌కి రెండో పొర ఎందుకు వద్దు?

"సార్, ఫ్యాన్లకు చుట్టే వైండింగ్ వైరుతో టెస్లా కాయిల్ చేయొచ్చా? రెండు పొరలు చుడితే సగం పైపు చాలదా?" అని ఒక పాలిటెక్నిక్ కుర్రాడు అడిగాడు. టెస్లా కాయిల్ అంటే లక్షల వోల్టులు పుట్టించి గాల్లోకి మెరుపులు విసిరే తీగచుట్ట.

వైరు అదే. మోటార్లు చుట్టే కొట్లో కిలోల లెక్కన అమ్మే ఎనామిల్ రాగి తీగ. 26 గేజి తీగను 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 1000 చుట్లు చుడితే అర మీటరు ఎత్తు వస్తుంది. సుమారు 345 మీటర్ల తీగ, అర కిలో బరువు.

మజా అంతా రెండో ప్రశ్నలో ఉంది.

పై కొసన 2 లక్షల వోల్టులు పుట్టాయనుకోండి. 1000 చుట్లు పంచుకుంటే ఒక్కోదానికి 200. పక్కపక్క చుట్ల మధ్య తేడా అంతే కాబట్టి పల్చటి ఎనామిల్ పూతే ఆపేస్తుంది. అలిపిరి మెట్లు చూడండి. 3550 మెట్లు కలిస్తే కొండంత ఎత్తు, కానీ కాలు జారితే పడేది కింది మెట్టు మీదే. ఇప్పుడు 500 చుట్లు పైకి చుట్టి, మిగతా 500 వాటి మీదుగా కిందికి తెచ్చారనుకోండి. మొదటి చుట్టు నెత్తిన వెయ్యో చుట్టు కూర్చుంటుంది. ఆఖరి మెట్టును అదే ఎత్తులో ఉంచి మొదటి మెట్టు పక్కకు జరిపినట్టు! అక్కడ జారితే ఇంకేముంది?

పొరలు వేయకుండానే ఈ తప్పు చేసిన ఘనత నాది. పైన మిగిలిన జానెడు తీగను కత్తిరించడానికి బద్ధకించి పైపులోకి తోసేశాను. అది నడిమి చుట్ల దాకా వేలాడింది. స్విచ్ వేయగానే పైపు లోపల నీలం వెలుగు, ప్లాస్టిక్ కాలిన వాసన. ఆపి చూస్తే పైపు గోడకు సూదిమొనంత చిల్లు.

ప్రదక్షిణలాగా కుడివైపుకే చుట్టాలా అని కూడా అడుగుతారు. స్పార్క్ గ్యాప్ కాయిల్‌కి, అంటే రెండు లోహపు మొనల మధ్య నిప్పురవ్వ ఎగరేసి నడిపేదానికి, ఎటైనా ఒకటే. ఒక్క ట్రాన్సిస్టర్‌తో చేసే బుల్లి కాయిల్ పలకకపోతే ప్రైమరీ (పైపు అడుగున చుట్టూ ఉండే, మనం కరెంటిచ్చే కొద్ది చుట్ల తీగ) కొసలు అటూ ఇటూ మార్చండి, ముహూర్తం అక్కర్లేదు.

పెద్ద కాయిల్ ప్రైమరీకి మాత్రం ఏసీ మెకానిక్కులు వాడే పావు అంగుళం రాగి గొట్టం మేలు. బోలుగా ఉందని బెంగ వద్దు. సెకనుకు 2 లక్షల సార్లు ఊగే కరెంటు రాగిలోకి 0.15 మిల్లీమీటర్లకు మించి పెద్దగా దిగదు. ఆ గొట్టానికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్ ప్రాణాలు తీస్తాయి. అనుభవమున్నవాళ్లు పక్కన లేకుండా ముట్టుకోకండి.

చుట్టేటప్పుడు తీగ బిగువు సడలనివ్వొద్దు. బొటనవేలి గోరుతో చుట్లను దగ్గరికి నెడుతూ, యాభై చుట్లకోసారి టేపు ముక్క అంటించండి. లేదంటే చెయ్యి జారిన క్షణంలో గంట పని స్ప్రింగులా విప్పుకుంటుంది. చివర్లో మోటారు వార్నిష్ పూసి, ఆరేదాకా పైపును తిప్పుతూ ఉండండి. వదిలేస్తే ఒకవైపే కారి గడ్డకడుతుంది.