వేడినీళ్లకు కుళ్లిన గుడ్డు వాసన ఎందుకొస్తుంది?

సంక్రాంతికి ఊరెళ్లి పన్నెండు రోజుల తర్వాత బెంగళూరు తిరిగొచ్చాం. మారతహళ్ళిలో ఉంటాం. పొద్దున్నే గీజర్ వేసి కుళాయి తిప్పగానే స్నానాల గదంతా కుళ్లిన కోడిగుడ్డు వాసన. డ్రైనేజీ పొంగిందనుకుని మా అత్తయ్య ఫినాయిల్ పోశారు. వాసన తగ్గలేదు.

ఇలాంటప్పుడు ముందు చేయాల్సింది ఒకటే. ఒక గ్లాసులో చన్నీళ్లు, ఇంకో గ్లాసులో వేడినీళ్లు పట్టుకుని హాల్లోకి వచ్చి వాసన చూడాలి. రెండూ కంపు కొడితే లోపం సంపులోనో, పై ట్యాంకులోనో, బోరులోనో ఉన్నట్టు. వేడినీళ్లే కంపు కొడితే గీజర్‌లో ఉన్నట్టు. మాది రెండోది.

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది. వంద కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది. దాన్ని పుట్టించేది కంటికి కనబడని బాక్టీరియా. 1895లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టినస్ బేయరింక్ ఈ జాతిని గుర్తించాడు. మనకు ఆక్సిజన్ ఎలాగో వీటికి నీటిలోని సల్ఫేట్ అలాగ. దాన్ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. సల్ఫేట్‌కు సొంత వాసన లేదు. తాగునీటిలో అది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని మన దేశ ప్రమాణం. ట్యాంకర్లు తెచ్చే బోరు నీళ్లలో ఎంత ఉందో, పరీక్ష చేయిస్తే తప్ప మనకు తెలియదు.

అయితే ఆ బాక్టీరియాకు తిండి ఎక్కడిది? నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇదే. గీజర్ ట్యాంకు ఉక్కుది. లోపల గాజు పూత ఉన్నా సన్నని పగుళ్లుంటాయి. అక్కడ తుప్పు పట్టకుండా ట్యాంకులో ఒక మెగ్నీషియం కడ్డీ వేలాడదీస్తారు. మెకానిక్కులు ఆనోడ్ రాడ్ అంటారు. ఇనుముకన్నా మెగ్నీషియం చాలా తేలిగ్గా ఎలక్ట్రాన్లను వదులుకుంటుంది కాబట్టి ఇనుముకు బదులు తాను కరిగిపోతుంది. 1824లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులను కాపాడటానికి ఇదే ఉపాయం చెప్పాడు. రాగి నిలిచింది గానీ, దాని విషం నీళ్లలోకి దిగక ఓడ అడుగున నత్తలూ నాచూ అంటుకున్నాయి. మన గీజర్‌లోనూ అలాంటి పక్కచిక్కే. కడ్డీ వదిలిన ఎలక్ట్రాన్లు ట్యాంకు గోడ దగ్గర నీటినుంచి హైడ్రోజన్‌ను పుట్టిస్తాయి. ఆ హైడ్రోజనే బాక్టీరియాకు మేత. కంచె చేను మేయలేదు గానీ మేకలకు మేత వేస్తోంది! నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ ఉన్న అపార్ట్‌మెంట్లలో కడ్డీ ఇంకా వేగంగా కరుగుతుంది.

మందు వేడే. 2 కిలోవాట్ల గీజర్ 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 18 నిమిషాలు పడుతుంది. కరెంటు మిగులుతుందని మనం ఐదు నిమిషాలకే ఆపేస్తాం. అప్పటికి నీళ్లు 35 డిగ్రీల దగ్గరుంటాయి. ఆ గోరువెచ్చదనం ఈ జీవులకు హాయి. నేను వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను 70కి పెట్టి, గీజర్ దానంతటది ఆగేవరకు ఉంచి, గంటసేపు వదిలేసి, వేడి కుళాయిలన్నీ తిప్పి నీళ్లు పారబోశాను. ఆ నీళ్లు చర్మాన్ని కాల్చేస్తాయి. పిల్లల్ని దగ్గరకు రానివ్వకూడదు. లోపలి ఒత్తిడిని బయటికి వదిలే ప్రెషర్ వాల్వు సరిగ్గా పనిచేస్తుంటేనే ఈ పని చేయాలి.

ఇంకో జాగ్రత్త. వారాల తరబడి వాడని గీజర్‌లో ఆ హైడ్రోజన్ పైభాగాన పోగవ్వచ్చు. ఊరినుంచి రాగానే కిటికీ తెరిచి, స్విచ్ వేయకముందే వేడి కుళాయిని కాసేపు వదలండి. ఆ సమయంలో అక్కడ అగ్గిపుల్ల గీయొద్దు.

మా ఇంట్లో వాసన పోయింది, వారానికి మళ్లీ వచ్చింది. ప్లంబరు వచ్చి గీజర్‌కు కరెంటిచ్చే స్విచ్ (ఎంసీబీ) ఆపి, నీళ్లు వంపి, కడ్డీ విప్పాడు. బొటనవేలంత ఉండాల్సింది తీగలా మిగిలింది. "దీన్ని తీసేసి మూత బిగిస్తే వాసన ఉండదక్కా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. కడ్డీ లేకపోతే ట్యాంకే కరుగుతుంది. అల్యూమినియం, జింకు కలిసిన కడ్డీ తెప్పించి వేయించాను. దానినుంచి పుట్టే హైడ్రోజన్ తక్కువ.

వేసిన తేదీని గీజర్ మీద మార్కర్‌తో రాశాను. ట్యాంకర్ నీళ్లు, పైగా సాఫ్ట్‌నర్, కాబట్టి ఏడాదికి మళ్లీ విప్పించి చూడాలి.