‘గ్రూపులోంచి తీసేశాం కదా!’ – ఆఫీసు డ్రైవ్ మీద అపోహలు, వాస్తవాలు

విజయనగరం, శ్రీకాకుళం మధ్య ఐదారు చోట్ల గూగుల్ వర్క్‌స్పేస్ (ఆఫీసు మెయిళ్లు, ఫైళ్లు నడిచే గూగుల్ సేవ) చూస్తుంటాను, అంటే అడ్మిన్ని. ఒక డయాగ్నస్టిక్ సెంటరు, ఒక జూనియర్ కాలేజీ, ఒక జీడిపప్పు వ్యాపారి, ఊళ్లలో తిరిగి పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ, ఇలాంటివి. ఎవరి పని వాళ్లదే గానీ నాకొచ్చే ఫోను మాత్రం అందరి దగ్గర్నుంచీ ఒకటే. “ఏటి మాస్టారూ, ఆ కుర్రాణ్ని గ్రూపులోంచి ఎప్పుడో తీసీసినాం కదా. ఇంకా షీటు తెరుస్తన్నాడంట, ఎలాగ?”

ఆ వెంటనే పుకారు మొదలు. హ్యాక్ చేశాడని, పాస్‌వర్డ్ దొంగిలించాడని, లోపల ఎవరో సాయం చేస్తున్నారని. సాయం చేసింది ఎవరో కాదండీ, ఆ ‘షేర్’ బటన్ నొక్కిన మీరే.

అపోహ: గ్రూపులోంచి తీసేస్తే ఇక ఆ మనిషికి ఏదీ కనపడదు.

వాస్తవం: గ్రూపు మీదుగా వెళ్లిన దారి ఒక్కటే మూసుకుంటుంది. మిగతావన్నీ తెరిచే ఉంటాయి.

ఈ నమ్మకం వాట్సాప్ నుంచి వచ్చింది. అక్కడ గ్రూపంటే ఒక గది. బయటికి పంపిస్తే లోపలి మాటలు వినపడవు. (పాత మాటలు, పాత ఫోటోలు వాళ్ల ఫోన్లో ఉండనే ఉంటాయి, అది ఎవరికీ గుర్తుండదు.) వర్క్‌స్పేస్‌లో గ్రూపంటే మెయిల్ ఐడీల జాబితా, అంతే. ఫైళ్లు ఉండేది డ్రైవ్‌లో. తనలోకి ఎవరెవరు రావచ్చో ప్రతి ఫైలుకీ ఒక చిట్టా ఉంటుంది. అందులో గ్రూపు పేరు ఒక వరస, విడిగా ఇచ్చిన మనిషి పేరు ఇంకో వరస, ‘లింక్ ఉన్న ఎవరైనా’ అన్నది మరో వరస. గ్రూపులోంచి తీసేసినప్పుడు మీరు ముట్టుకున్నది మొదటి వరసని మాత్రమే. వీధి గుమ్మానికి గడియ పెట్టి పెరటి గుమ్మం బార్లా తెరిచి పడుకున్నట్టు.

ఒక ఆఫీసులో జీతాల షీటు సంగతి చెప్తాను. సంక్రాంతికి ఉద్యోగం మానేసిన కుర్రాడు వేసవి దాకా ఆ షీటు చూడగలిగాడు. యజమాని పోలీసు కంప్లైంటు దాకా వెళ్లబోతూ నన్ను పిలిచారు. ఆయన ముందే షేర్ పెట్టె తెరిచాను. పైన గ్రూపు పేరు, వ్యూయర్, అంటే దిద్దలేరు. దాని కింద కుర్రాడి ఆఫీసు ఐడీ, సస్పెండ్ చేసేశాం కాబట్టి దానితో బాధ లేదు. ఇంకొంచెం కిందకి జరిపితే అదే కుర్రాడి సొంత జీమెయిల్, పక్కన ఎడిటర్, అంటే దిద్దగలడు. అట్టడుగున ‘లింక్ ఉన్న ఎవరైనా’, అది కూడా ఎడిటరే.

ఎవరిచ్చారు? అకౌంటెంటు గారే. కుర్రాడు చేరిన రోజు పైడితల్లమ్మ తొలేళ్లు, విజయనగరం సిరిమాను పండగకి ముందు రోజు. ఆఫీసు ఐడీ ఇంకా తయారవలేదు, ఈయనకేమో సాయంత్రానికల్లా ఇంటికెళ్లాలి. “ఇప్పటికి దీంట్లో చూసుకో” అని సొంత జీమెయిల్‌కి పంపేశారు. ఆ ‘ఇప్పటికి’ మూడు సిరిమాను పండగలు దాటింది. లింకు సంగతికొస్తే, ఒక మార్చి నెలాఖర్లో ఆడిటర్ అడిగితే తెరిచారు, మూయడం మర్చిపోయారు. ఆఫీసు ఐడీని సస్పెండ్ చేస్తే ఆఫీసు ఐడీయే ఆగుతుంది. సొంత జీమెయిల్ మీద నాకు గానీ, ఏ ఆఫీసు అడ్మిన్‌కి గానీ చెయ్యి ఉండదు. ఫైలు దగ్గరికెళ్లి ఆ పేరు కొట్టెయ్యాల్సిందే.

ఇంతకీ షీటు ఇంకా తెరుచుకుంటోందన్న మాట బయటపెట్టింది ఎవరనుకున్నారు? ఆ కుర్రాడే. పాత సహోద్యోగికి ఫోన్ చేసి, “నాకెందుకురా ఈ గొడవ, నా పేరు తీసీమని చెప్పు” అన్నాడట. ఆ మాట యజమాని చెవికి చేరేసరికి దొంగతనమైపోయింది. ఆయన్ని తప్పుపట్టను, అందరి జీతాలూ ఉన్న షీటు కదా, ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. కానీ కంప్లైంటు రాసే ముందు షేర్ పెట్టె తెరిచి చివరి దాకా చదవండి.

రెండో పెరటి గుమ్మం, గ్రూపులో గ్రూపు. ఇది నాకు జిల్లాల విభజన నేర్పిన పాఠం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి కదా. అప్పటిదాకా శ్రీకాకుళంలో ఉన్న పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. నేను చూసే సంస్థలో శ్రీకాకుళం గ్రూపు ఉండేది, దాని లోపల పాలకొండ, రాజాం, టెక్కలి ఉపగ్రూపులు. కొత్త జిల్లాలకి కొత్త గ్రూపులు పెట్టాం. రాజాం గ్రూపుని విజయనగరంలో చేర్చాం. శ్రీకాకుళంలోంచి తీయాలని ఎవరికీ తట్టలేదు. నాక్కూడా. రెండేళ్ల తర్వాత, “రాజాం వాళ్లు మా సర్వే షీటులో వేలు పెడుతున్నారు” అని శ్రీకాకుళం నుంచి ఫిర్యాదు.

అంతకుముందే అక్కడి కోఆర్డినేటర్ తన వైద్యం తాను చేశారు. రాజాం మనిషి పేరు విడిగా చేర్చి ‘వ్యూయర్’ అని పెట్టారు. అయినా అతను దిద్దుతూనే ఉన్నాడు. దిద్దుతాడు మరి! ఒకే ఫైలుకి గ్రూపు ద్వారా ఎడిటర్, విడిగా వ్యూయర్ ఉంటే పెద్ద హక్కే చెల్లుతుంది. చిన్నది ఇచ్చి పెద్దదాన్ని తగ్గించలేరు. గ్రూపు దగ్గరే సరిచేసుకోవాలి.

మనిషి మానేసిన రోజు నేను చేసేది ఇది. ఆ సాయంత్రమే ఐడీ సస్పెండ్. తర్వాత డ్రైవ్ అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ‘షేర్డ్ టు’ దగ్గర అతని సొంత జీమెయిల్ కొట్టి ఏమేం వస్తాయో చూడడం. ఎవరు వెతికితే వాళ్లకి అందుబాటులో ఉన్నవే కనిపిస్తాయి కాబట్టి అకౌంటెంటు, మేనేజరు ఎవరి ఐడీలో వాళ్లు వెతకాలి. ముఖ్యమైన ఫైళ్లలో లింకు ‘రెస్ట్రిక్టెడ్’లో (చిట్టాలో ఉన్నవాళ్లకే తెరుచుకునేలా) ఉందో లేదో చూసుకోవాలి. ఇన్ని చేసినా, అతను ముందే డౌన్‌లోడ్ చేసుకున్నది, కాపీ చేసి తన డ్రైవ్‌లో పెట్టుకున్నది వెనక్కి రాదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

గమనించారా, డిలీట్ అనలేదు. సస్పెండ్ చేసిన ఐడీకి కూడా నెలనెలా డబ్బు పడుతుంది. అందుకని యజమానులకి డిలీట్ మీద తొందర. డిలీట్ చేశాక తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు. ఒక కాలేజీ వాళ్లు నాకు ఇరవై రెండో రోజున ఫోన్ చేశారు. వెళ్లిపోయిన లెక్చరర్ మై డ్రైవ్‌లో, అంటే ఆ ఐడీ పేరు మీదే ఉండే డ్రైవ్‌లో, ఏడాది ప్రశ్నపత్రాలన్నీ ఉన్నాయి. ఏం చెప్పను? ఫైళ్లని ముందు ఇంకొకరి పేరు మీదకి మార్చుకోవాలి, ఆ తర్వాతే డిలీట్. అసలు ఆఫీసు ఫైళ్లు మొదట్నుంచీ షేర్డ్ డ్రైవ్‌లో పెడితే ఈ గోలే ఉండదు. అక్కడివి సంస్థవి, మనిషి వెళ్లినా ఉంటాయి. కాకపోతే షేర్డ్ డ్రైవ్‌లో కూడా ఫైలుని ఎవరికైనా విడిగా ఇచ్చుంటే, సభ్యుల జాబితాలోంచి తీసినా ఆ ఫైలు తెరుచుకుంటూనే ఉంటుంది. మళ్లీ అదే పెరటి గుమ్మం.

మిగతావి గబగబా.

“మేనేజర్ గారిని కంట్రిబ్యూటర్‌గా పెడతారా?” షేర్డ్ డ్రైవ్‌లో కంట్రిబ్యూటర్ అంటే ఫైళ్లు చేర్చి, దిద్దే రోల్. ‘మేనేజర్’ అన్నది హోదా కాదు బాబూ. సభ్యుల్ని చేర్చే, తీసేసే పని. ఆ పని చేసేవాళ్లు ఇద్దరుంటే చాలు. ఒక పెద్దాయన ఈ మాట మీద నాతో వారం మాట్లాడలేదు. చివరికి మేనేజర్ రోల్ ఇచ్చాను, మూడో రోజుకి ఒక ఫోల్డరు మొత్తం ట్రాష్‌లో ఉంది. ముప్పై రోజులు దాటలేదు కాబట్టి బతికింది.

“వ్యూయర్ అంటే చూడ్డమే, కాపీ కాదు.” మామూలుగా కాపీ, డౌన్‌లోడ్, ప్రింటు అన్నీ అవుతాయి. ఆపడానికి సెట్టింగు ఉంది, పెట్టండి. ఫోన్‌తో తెరని ఫోటో తీసేవాణ్ని మాత్రం ఏ సెట్టింగూ ఆపదు.

“అడ్మిన్ మన చాట్లన్నీ చదువుతాడు.” ఆఫీసు ఐడీ ఆఫీసుదే, విచారణ వస్తే తీసి చూసే ఏర్పాటు కొన్ని ప్లాన్లలో ఉంది. సొంత విషయాలు దాంట్లో రాయకండి. అంతేగానీ కూర్చుని మీ టీ కబుర్లు చదవడానికి నాకు తీరికెక్కడిది?

ఇక అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది, ‘మీకు యాక్సెస్ అవసరం’ అన్న పేజీ. ఒక రాత్రి పదిన్నరకి పాలకొండ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. చేరి నాలుగు నెలలు కాలేదు. “అన్నయ్యా, నన్ను తీసీసినారా? నిన్న సార్ కూడా సరిగ్గా మాట్లాడలేదు” అంటూ ఏడుపు. ఇంట్లో వాళ్లకి ఎలా చెప్పాలో తెలీక మేడ మీదకెళ్లి మాట్లాడుతోంది. అడ్మిన్ కన్సోల్ తెరిచి చూశాను. ఐడీ ఉంది, గ్రూపులో ఉంది, అన్నీ ఉన్నాయి. “నీ ఫోన్లో ఎన్ని మెయిళ్లున్నాయమ్మా?” అంటే రెండు. సొంతదాంట్లోంచి ఆఫీసు లింకు నొక్కింది.

కాబట్టి ఆ పేజీ కనపడగానే, పైన కుడిచేతి వైపు మీ ఫోటోనో పేరులో మొదటి అక్షరమో ఉన్న గుండ్రం నొక్కి, ఏ మెయిల్లో ఉన్నారో చూడండి. ఆఫీసుదానికి మార్చి మళ్లీ తెరవండి. అప్పటికీ తెరుచుకోకపోతే నాకు ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిదిలోపు.