పేరు చలిది, పని తడిది: చలికాలపు పశుపోషణలో అపోహలు - వాస్తవాలు

ధనుర్మాసం వచ్చిందంటే నా ఫోను తెల్లవారకముందే మోగుతుంది. దూడ కొయ్యబారిపోయిందని ఒకరు, మేకపిల్ల లేవడం లేదని ఒకరు, రాత్రికి రాత్రి ఆరు కోళ్ళు పోయాయని ఇంకొకరు. అందరూ చివర్లో చెప్పే మాట ఒక్కటే: "చలికేనండి."

ఊళ్ళలో ఆవులకు, గేదెలకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రగా 18 ఏళ్ళుగా విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట, గజపతినగరం వైపు ఊళ్ళు తిరుగుతున్నాను. నాకూ ఇంటి దగ్గర నాలుగు గేదెలు, పది పన్నెండు మేకలు ఉన్నాయి. నేను చూసినంతలో మన మైదానంలో చలి ఒంటరిగా వచ్చి పశువును చంపడం బహు అరుదు. తడి, ఈదురుగాలి, ఖాళీ కడుపు, ఊపిరాడని శాల... వీటిలో ఏదో ఒకటి దానికి తోడుంటుంది. నేరం మాత్రం చలి మీదికి పోతుంది. ఘాటీ ఎక్కి అనంతగిరి, అరకు వెళ్తే ఆ చలి వేరు. కింద మన ఊళ్ళలో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటాయి. కడుపునిండా మేసి, ఒళ్ళు పొడిగా ఉన్న పెద్ద ఆవుకు అది చలి కిందే లెక్క కాదు. అప్పుడే పుట్టిన తడి దూడకు మాత్రం అదే ప్రాణగండం.

అపోహ: మాయ పడేదాకా దూడకు ముర్రుపాలు తాగించకూడదు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఒక జనవరి తెల్లవారుజామున ఒక ఇంటికి వెళ్ళాను. రాత్రి పదకొండింటికి గేదె ఈనిందట. దూడ సిమెంటు గచ్చు మీద పడి ఉంది, పొట్ట వీపుకు అంటుకుపోయింది. నోట్లో వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది, చీకే ప్రయత్నమైనా లేదు. నాలుగడుగుల దూరంలో తల్లి నిలబడి ఉంది, పొదుగు రాయిలా బిగిసి, రొమ్ముల నుంచి పాలు వాటంతట అవే చుక్కలు కారుతున్నాయి. "మాయ పడలేదు బాబూ, ఇప్పుడు పాలు తీస్తే అది లోపలికి పోతుంది" అంది ఆ ఇంటి పెద్దావిడ. మందు కళ్ళ ముందే నేల పాలవుతోంది.

నిజానికి జరిగేది దీనికి తలకిందులు. దూడ రొమ్ము చీకితే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరుతుంది. పాలను చేపేది అదే, గర్భసంచిని ముడుచుకునేలా చేసి మాయ పడడానికి సాయపడేదీ అదే. మాయ సాధారణంగా 8 నుంచి 12 గంటల్లో పడిపోతుంది. దూడ అంతసేపు ఆగలేదు. ముర్రుపాలలోని రోగనిరోధక శక్తిని దూడ పేగు మొదటి 6 గంటల్లో బాగా పీల్చుకుంటుంది. ఆ తర్వాత గంట గంటకూ తగ్గుతూ వచ్చి, 24 గంటలకు ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. పైగా ఒంట్లో వేడి పుట్టించడానికి దూడ దగ్గర ఉన్న సరుకు చాలా తక్కువ. ఆ పొయ్యికి కట్టెలు ముర్రుపాలే. పుట్టిన రెండు గంటల్లోపే లీటరుకు తగ్గకుండా, ఆ రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు తాగించాలి. 25 కిలోల గేదె దూడకు రెండున్నర లీటర్లన్నమాట.

ఆ రోజు ఏం చేశామంటే, ముందు దూడను గచ్చు మీద నుంచి లేపి ఎండుగడ్డి మీద పడుకోబెట్టాం. గోనెసంచితో ఒళ్ళంతా చర్మం ఎర్రబడేలా రుద్దాం. రెండు సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, డొక్కల పక్కన పెట్టాం. ధర్మామీటరు పెడితే 97 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. దూడకు 101 నుంచి 102 వరకు ఉండాలి. ఇలాంటప్పుడు గాబరాపడి గొట్టంతో పాలు పోయకండి. చీకే శక్తి లేని దూడకు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వేడి, తర్వాత పాలు. గంటన్నరకు నోరు వెచ్చబడి, నా వేలు లాగడం మొదలుపెట్టింది. అప్పుడు ముర్రుపాలు పట్టాం. దూడ బతికింది. మాయ పొద్దున ఏడింటికి పడింది.

అపోహ: చలి రాకుండా శాల చుట్టూ పట్టా బిగించి కట్టేయాలి.

నల్ల పాలిథిన్ పట్టాను కిందనుంచి పైదాకా బిగించిన శాలలోకి తెల్లవారుజామున వెళ్ళి చూడండి. నిలబడి చూస్తే తెలియదు. దూడ పడుకునే ఎత్తుకు, గొంతుక్కూర్చుని ముక్కుతో గట్టిగా పీల్చండి. కళ్ళు మండితే రాత్రంతా దూడ పీల్చిన గాలి అదే. మూత్రం, పేడ నుంచి లేచే అమ్మోనియా ఊపిరితిత్తుల లోపలి పొరను దెబ్బతీస్తుంది, ఆపైన న్యుమోనియా తేలిగ్గా పట్టుకుంటుంది. ఇంకోటి, పశువుల ఊపిరిలోని ఆవిరి పట్టాకు తగిలి నీటిచుక్కలై వాటి మీదే పడుతుంది. చలిని బయట పెట్టాం అనుకుని తడిని లోపల పెట్టుకుంటున్నాం.

గాలి కొట్టే ఉత్తరం, తూర్పు వైపులు మాత్రం పశువు వీపు ఎత్తు వరకు మూయండి. చూరు కింద జానెడు ఖాళీ వదలండి, దక్షిణం తెరిచి ఉంచండి. అడ్డు కట్టడానికి పాత గోనెసంచులు పాలిథిన్ కన్నా వెయ్యి రెట్లు నయం. గాలి వేగాన్ని విరుస్తాయి, ఆవిరిని పోనిస్తాయి. గోగునార పండించి, జనపనార మిల్లులు నడిపిన జిల్లా మనది, గోనెసంచికి కరువేమిటి? దూడ వీపు మీద కప్పినా గోనెసంచే కప్పండి, కాని మంచుకు తడిసిందంటే తీసేయండి. తడి గోనె కప్పడం అసలు గోనె లేకపోవడం కన్నా చెడ్డది.

అపోహ: శాలలో కుంపటి పెడితే వెచ్చగా ఉంటుంది.

తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ మనుషులను ఎలా చంపుతుందో పశువులనూ అలాగే చంపుతుంది. దానికి వాసన ఉండదు. దోమలకు వేపాకు పొగ వేస్తే సాయంత్రం కాసేపు, గాలి ఆడే చోట, దూడలకు దూరంగా వేయండి. నిప్పు పక్కన ఎండుగడ్డి వామి ఉంటుందన్న సంగతి వేరే చెప్పాలా?

అపోహ: వణుకుతున్న పశువుకు కాస్త సారా పోస్తే వేడి పుడుతుంది.

పుట్టదు. సారా చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసి, లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. పోసినవాడికి తృప్తి, పశువుకు నష్టం.

అపోహ: వేడి కోసం రాత్రి దాణా ఎక్కువ పెట్టాలి.

నెమరువేసే జంతువుకు పొయ్యి దాని పొట్టలోనే ఉంది. ఆ పొయ్యిలో నూకలు, తవుడు కన్నా పీచు మేత ఎక్కువ వేడి పుట్టిస్తుంది. చీకటి పడ్డాక మామూలుకన్నా ఒక మోపు వరిగడ్డి అదనంగా వేయండి, రాత్రంతా నెమరేస్తూ వెచ్చగా ఉంటుంది. ఉన్నట్టుండి నూకలు దంచి పెడితే కడుపులో ఆమ్లం పెరిగి పశువు మేత మానేస్తుంది.

నీళ్ళ విషయమూ ఇక్కడే చెప్పేస్తాను. "చలికాలం కదా, నీళ్ళు తాగవు" అంటారు. తాగవు నిజమే, రాత్రంతా సిమెంటు తొట్టిలో చల్లబడ్డ నీళ్ళయితే నేనూ తాగను. పొద్దున్నే బోరు వేసి, వస్తున్న నీళ్ళలో చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటాయి. అవే నేరుగా పెట్టండి. పాలలో నూటికి 80 పాళ్ళకు పైగా నీళ్ళే కదా. "చలికి పాలు తగ్గాయి" అనే ఇళ్ళలో నేను ముందు చూసేది తొట్టినే.

అపోహ: గొర్రెకు ఉన్ని ఉంది, దానికి చలేమిటి?

మన గొర్రెలకు ఉన్ని లేదు. మన వైపు మందల్లో ఉండేవి వెంట్రుకల గొర్రెలు, మాంసం కోసం పెంచేవి. వరి కోతలయ్యాక ఎరువు కోసం పొలాల్లో మంద కడతారు. ఆ కోసిన మడుల్లో, మంచు కురిసే ఆరుబయట ఈనే గొర్రెలెన్నో. మందతో ఉండే పెంపకందార్లకు చెప్పేది: ఈనబోయే గొర్రెలను వేరు చేసి గట్టు పక్కన గాలి తగలని చోట ఉంచండి. పిల్ల పుట్టగానే తుడిచి, పాలు చీకించి, అడుగున గడ్డి పరిచి గంప బోర్లించండి. గంప కింద రెండు మూడు పిల్లలు కలిసి ఉంటే ఒకదానికొకటి కాపు.

పొద్దున్నే మంచు గడ్డి మేపితే జలుబు చేస్తుందని మీ తాతలు ఆపేవారు. ఆపడం సరైనదే, కారణం వేరు. నట్టల పిల్లలు తడి ఉన్నప్పుడు గడ్డి కొసలకు పాకుతాయి. చెరువు గట్ల పచ్చికకు కార్జపు జలగ పిల్ల సన్నని తిత్తిగా అంటుకుని ఉంటుంది. కొన్ని వారాల తర్వాత దవడ కింద నీరు దిగిన గొర్రె కనిపిస్తే ఈ మేతే గుర్తు తెచ్చుకోండి. మంచు ఆరాక, తొమ్మిది దాటాక వదలండి.

అపోహ: చలికి కోళ్ళు చచ్చిపోతాయి.

పిల్లలైతే ఒప్పుకుంటాను. మొదటి వారం వాటికి 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. బల్బు కింద గుంపుగా ముద్దలా ఉంటే చలి, దూరంగా పోయి నోరు తెరిస్తే ఉక్క, చెదిరి తిరుగుతుంటే సరిపోయింది. ధర్మామీటరు కన్నా వాటి పడకే మంచి కొలత. కాని ఎదిగిన కోళ్ళు వరుసగా పోతున్నాయంటే, రెట్ట ఆకుపచ్చగా ఉండి మెడ తిరిగిపోతుంటే, అది కొక్కెర తెగులు. సంక్రాంతికి ముందు సంతల్లో కోళ్ళు చేతులు మారతాయి, రోగం వాటితోపాటే ఊరేగుతుంది. ఈ తెగులుకు టీకాలున్నాయి: పిల్లలకు 7వ రోజున లసోటా చుక్కలు, 8 వారాలకు ఆర్‌టూబీ సూది వేయించండి. సంత నుంచి తెచ్చిన పుంజును రెండు వారాలు విడిగా ఉంచండి.

అపోహ: చలికి గేదెలు ఎదకు రావు.

వస్తాయి. గేదెకు పగలు తగ్గే కాలమే అసలైన ఎద కాలం. కాకపోతే గేదె ఎద మూగది. ఆవులా అరిచి గోల చేయదు, ఒకదానిమీదొకటి ఎక్కడమూ తక్కువ. లక్షణాలు రాత్రి, తెల్లవారుజామున కనిపిస్తాయి. మనం అప్పుడు దుప్పటి కప్పుకుని ఉంటాం. చలి ఆపింది గేదెను కాదు, మనల్ని. ఇప్పుడు చూలు కడితే పది నెలల పైచిలుకుకు, అంటే మళ్ళీ చలి మొదలయ్యే వేళకు ఈనుతుంది, అప్పుడు పై ముర్రుపాల మాట అక్కరకొస్తుంది. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి లాంతరు వేసి మానం చూడండి: తీగలా సాగే తేటజిగట, కాస్త వాపు, మాటిమాటికి మూత్రం పోయడం. తెల్లవారుజామున కనబడితే ఆ సాయంత్రం, సాయంత్రం కనబడితే మరునాడు ఉదయం కృత్రిమ గర్భధారణ సూది వేయించాలి. ఫోనులో నాకు "ఎదకొచ్చింది" అని మాత్రం చెప్పకండి, జిగట ఎన్ని గంటలకు చూశారో చెప్పండి.