కంటికి ఆకుకూర, కంటికి మాత్ర

ఆక్సిజన్ వల్ల కలిగే చెడు నుంచి కణాలను కాపాడే యాంటీ ఆక్సిడెంట్లు కళ్లకు మంచివన్న మాట ఇప్పుడు మందుల షాపులోని అట్టపెట్టెల మీద కూడా కనిపిస్తోంది. అది అబద్ధం కాదు. అయితే ఏ పదార్థం, ఏ జబ్బుకు, ఆ జబ్బు ఏ దశలో ఉండగా అని అడగనంతవరకు ఆ మాట వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

తూకానికి తూకం చూస్తే, శరీరంలో ఆక్సిజన్‌ను అత్యధికంగా ఖర్చు చేసే కణజాలాల్లో, కంటి వెనకభాగంలో కాంతిని పట్టుకునే పొర అయిన రెటీనా ఒకటి. అక్కడ కాంతిని పట్టుకునే కణాల పొరల్లో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు దండిగా ఉంటుంది. ఆక్సిజన్ సోకితే తేలిగ్గా చెడిపోయే కొవ్వు అది. దానిపై పగలంతా వెలుతురు పడుతూనే ఉంటుంది. ఈ మూడూ ఒక్కచోట చేరినందువల్లే అక్కడ కణాలను దెబ్బతీసే చురుకైన అణువులు, అంటే ఫ్రీ రాడికల్స్ బెడద ఎక్కువ. కాంతిగ్రాహక కణాలు తమ కొనల్లో దాదాపు పదోవంతును రోజూ విడిచిపెట్టి కొత్తవాటిని పెంచుకుంటాయి. విడిచిన ముక్కలను వెనకనున్న కణాల పొర జీర్ణం చేసుకుంటుంది. వయసు పైబడేకొద్దీ అక్కడ జీర్ణం కాని వ్యర్థం పేరుకుపోతుంది.

చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి మనం వాడుకునే చూపు రెటీనా మధ్యనున్న మాక్యులాది. దాని పసుపు రంగుకు కారణం ల్యూటిన్, జియాజాంథిన్ అనే వర్ణకాలు. రక్తంలో ఎన్నో రకాల కెరోటినాయిడ్లు (మొక్కల నుంచి వచ్చే పసుపు, నారింజ వర్ణకాలు) తిరుగుతున్నా, మాక్యులా ఈ కోవకు చెందినవాటినే ఏరి దాచుకుంటుంది. నీలికాంతి ఆ కాంతిగ్రాహక కణాలను చేరకముందే దాన్ని అవి కొంత పీల్చుకుంటాయి, ఫ్రీ రాడికల్స్‌నూ అణచివేస్తాయి. మన శరీరం వీటిని తయారు చేసుకోలేదు; పాలకూర, తోటకూర, మొక్కజొన్న, గుడ్డు పచ్చసొన వంటివాటి నుంచి రావలసిందే.

వయసుతో వచ్చే మాక్యులా క్షీణతపై అమెరికాలోని నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు 2001లో వెలువడ్డాయి. విటమిన్ సి, విటమిన్ ఇ, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్, జింక్, రాగి కలిపిన మాత్రను వాడినవారిలో, జబ్బు మధ్యదశలో ఉన్నవారికి, ఒక కన్ను అప్పటికే బాగా దెబ్బతిన్నవారికి అది ముదిరే ముప్పు ఐదేళ్లలో సుమారు 25 శాతం తగ్గింది. జబ్బు లేనివారికి గానీ, తొలిదశలో ఉన్నవారికి గానీ ఆ మేలు కనిపించలేదు. ప్రకటనలు మింగేసేది సరిగ్గా ఈ రెండో వాక్యాన్నే.

ఆ మాత్రలోని బీటా కెరోటిన్‌తో ఒక చిక్కు ఉంది. ఫిన్లాండ్‌లో సుమారు 29 వేల మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో, బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. అందుకే 2013లో వెలువడిన రెండో అమెరికా పరీక్ష తర్వాత, దాని స్థానంలో 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంథిన్ చేరాయి. క్యారెట్ తిన్నవారికి ఈ భయం అక్కర్లేదు; ప్రమాదం కనబడింది పెద్ద మోతాదు మాత్రల్లోనే.

శుక్లాల కథ మన దేశానికి మరింత దగ్గరిది. కంటి కటకంలోని ప్రోటీన్లు దాదాపు జీవితాంతం మారకుండా ఉంటాయి కాబట్టి, వాటికి తగిలిన దెబ్బలన్నీ అలాగే పోగుపడతాయి. కటకాన్ని తడిపే ద్రవంలో విటమిన్ సి రక్తంలోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఉత్తర, దక్షిణ భారతాల్లో 60 ఏళ్లు దాటినవారిని పరిశీలించినప్పుడు, రక్తంలో విటమిన్ సి ఎక్కువగా ఉన్నవారిలో శుక్లాలు తక్కువగా కనిపించాయి. అయితే తమిళనాడులో 35 నుంచి 50 ఏళ్లవారికి ఐదేళ్లపాటు బీటా కెరోటిన్, విటమిన్ సి, ఇ మాత్రలిచ్చి చూసిన పరీక్షలో, 2006లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, శుక్లం పెరుగుదల ఏమాత్రం నెమ్మదించలేదు. జామకాయ తినేవాడు మరెన్నో తింటాడు, అతడి బతుకుతీరూ వేరుగా ఉండవచ్చు. వాటన్నిటి ఫలాన్ని ఒక్క విటమిన్ ఖాతాలో వేయలేం.

రేచీకటి విషయం పూర్తిగా వేరు. అక్కడ బీటా కెరోటిన్ పని యాంటీ ఆక్సిడెంట్‌గా కాదు, విటమిన్ ఎ గా మారి చూపుకు కావలసిన రసాయనాన్ని అందించడం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల పునాదిపైనే, చిన్నపిల్లలకు ఆరునెలలకోసారి పెద్ద మోతాదు విటమిన్ ఎ ఇచ్చే పథకం 1970లో మొదలైంది. లోపమున్న బిడ్డకు అది చూపును నిలబెడుతుంది. లోపం లేనివారు ఎంత క్యారెట్ తిన్నా కళ్లజోడు నంబరు తగ్గదు.

ల్యూటిన్ కొవ్వులో కరిగేది కాబట్టి, ఆకుకూరను ఉత్త నీళ్లలో ఉడికించి తినడంకన్నా నూనె తాలింపుతో పప్పులో కలిపి తింటే ఒంటికి బాగా పడుతుంది. విటమిన్ సి మాత్రం వేడికి నశిస్తుంది గనుక జామ, ఉసిరి పచ్చివిగానే తినడం మేలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్నవారు ఆకుకూరలను ఉన్నట్టుండి బాగా పెంచేముందు డాక్టరుకు చెప్పాలి. వాటిలోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది.