బాణం గుర్తుల కర్ర, నున్నటి కర్ర

స్నూకర్ పార్లర్‌లో కాస్త ఆట పట్టుబడ్డాక ఎవరికైనా సొంత స్టిక్, అంటే బంతిని కొట్టే క్యూ, కొనుక్కోవాలనిపిస్తుంది. అక్కడ మొదలవుతుంది తగువు. "యాష్ తీసుకో, అసలు స్నూకర్ క్యూ అంటే అదే" అంటాడొకడు. "మేపుల్ గట్టిది, బాల్ సూటిగా పోతుంది" అంటాడు ఇంకొకడు. ఇద్దరూ బల్ల గుద్ది చెబుతారు. కొనేవాడికి టెన్షన్ మిగులుతుంది.

యాష్ అంటే ఇక్కడ బూడిద కాదు, ఒక చెట్టు. పాత ఇంగ్లీషులో ఈ చెట్టు పేరుకు ఈటె అనే అర్థం కూడా ఉండేది. దెబ్బ తగిలితే వంగి మళ్లీ నిలబడే కర్ర కాబట్టి ఈటెలకూ గొడ్డలి పిడులకూ వాడారు. క్యూలకు వాడే గట్టి మేపుల్ ఉత్తర అమెరికా చెట్టు. దాని తీపి నీటిని కాచి పాకం తీస్తారు. స్నూకర్ ఆట పుట్టింది 1875లో మన జబల్‌పూర్ సైనికుల క్లబ్బులోనే అయినా, ఈ రెండు చెట్లూ చలిదేశాలవే.

ముందు గట్టిదనం సంగతి తేల్చేద్దాం. కర్రను వంచబోతే అది ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే కొలతను స్థితిస్థాపక గుణకం అంటారు. బాగా ఆరిన తెల్ల యాష్‌కి ఇది సగటున 12.0 గిగాపాస్కల్‌లు, గట్టి మేపుల్‌కి 12.6. అంటే తేడా 5 శాతం. బరువులోనూ మేపుల్ అంతే కాస్త ఎక్కువ. అయితే ఇవి సగటులు. ఒకే జాతిలో ఒక చెట్టుకీ ఇంకో చెట్టుకీ మధ్య సగటుకు అటూ ఇటూ 20 శాతం తేడా రావడం మామూలే. కాబట్టి మంచి యాష్ ముక్క ముందు నాసి మేపుల్ తేలిపోతుంది.

ఇంతకన్నా పెద్ద విషయం లావు. గుండ్రటి కర్ర బిగువు దాని వ్యాసానికి నాలుగో ఘాతంగా పెరుగుతుంది. క్యూ కొన 9.5 మిల్లీమీటర్లు ఉండటానికీ, 10 మిల్లీమీటర్లు ఉండటానికీ మధ్య ఆ చోట బిగువులో తేడా దాదాపు 23 శాతం. జాతి మారితే 5, అర మిల్లీమీటరు మారితే 23! వడ్రంగి ఉప్పుకాగితంతో రుద్ది తీసేసే పొర, చెట్టు పేరు కన్నా ఎక్కువ పని చేస్తోందన్నమాట.

సైడ్ పెట్టి, అంటే బంతి నడిమిన కాకుండా ఒక పక్కన కొట్టినప్పుడు తెల్ల బంతి గురి నుంచి కాస్త పక్కకు జరుగుతుంది కదా, అక్కడా ఇదే కథ. క్యూ కొనకు అతికించిన తోలు టిప్ బంతికి ఆనుకుని ఉండేది ఒకటి రెండు మిల్లీసెకన్లు. ఆలోపు కర్ర అడ్డంగా అదిరే అదురు పిడి దాకా పోనే పోదు, ముందు భాగంలోనే ఉంటుంది. బంతిని పక్కకు నెట్టేది ఆ ముందు జానెడు భాగం బరువే. కొన సన్నగా, తేలిగ్గా ఉంటే బంతి తక్కువ తప్పుతుంది. యాషా మేపులా అన్న ప్రశ్న ఇక్కడా వెనక వరసలోనే కూర్చుంటుంది.

మరి తేడా అసలు లేదా? ఉంది. అది చెట్టు నీళ్లు తాగే పద్ధతిలో ఉంది.

యాష్ చెట్టు వసంతం రాగానే హడావిడిగా పెద్ద పెద్ద గొట్టాలు వేసుకుంటుంది, ఆకులకు నీళ్లు అందాలి కాబట్టి. వేసవి ముదిరాక నింపాదిగా దట్టమైన కలప వేస్తుంది. ఏటా ఇదే వరస. అందుకే యాష్ కలపలో ఒక గరుకు పట్టీ, ఒక నున్నటి పట్టీ స్పష్టంగా కనిపిస్తాయి. మేపుల్‌లో గొట్టాలు సన్నవి, పెరిగే కాలమంతా సమానంగా పరుచుకుని ఉంటాయి. అందుకే ఆ కర్ర మీద గీతలు వెతుక్కోవాలి.

యాష్ క్యూ మీద కనిపించే బాణం గుర్తులు ఆ పట్టీలే. క్యూ తీసే చెక్క పలకలో పట్టీలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. కర్రను కొన వైపు సన్నగా చిత్రిక పడుతూ పోతే ఒక్కో పొర తెగి, తెగినచోట బాణం మొనలా కనిపిస్తుంది. వీటిని లెక్కపెట్టి చూడండి, సరదాగా ఉంటుంది. పిడి చివర వ్యాసం సుమారు 29 మిల్లీమీటర్లు, కొన 9.5. అంటే ఒక్కో వైపు దాదాపు 10 మిల్లీమీటర్ల కలప తరిగింది. ఏటేటా పడే ఈ వలయాల మందం 2 మిల్లీమీటర్లయితే పైన ఒక అయిదు బాణాలు, కింద ఒక అయిదు రావాలి. పిడి మీద అతికిన నల్ల కలప కింద ఒకటో రెండో దాక్కుంటాయి. ఒకవైపు గుంపుగా బాణాలుండి, రెండోవైపు ఒకటీ అరా ఉన్నాయా? అయితే నార, అంటే కలప పోగు, కర్ర వెంట తిన్నగా లేదు, వాలుగా పోతోంది. దుకాణంలో నిలబడి, పరికరమేదీ లేకుండా కలప లోపలి సంగతి ఇంతగా తెలుసుకునే వీలు యాష్ ఇస్తుంది.

గీతలు దగ్గర దగ్గరగా ఉంటే కర్ర గట్టిదని ఒక నమ్మకం ఉంది. యాష్ విషయంలో ఇది తలకిందులు. వసంతపు గరుకు పట్టీ మందం ఏ ఏడాదైనా ఇంచుమించు అంతే ఉంటుంది. చెట్టు బాగా పెరిగిన ఏడాది పెరిగేది దట్టమైన పట్టీయే. కాబట్టి మరీ సన్నటి వలయాలున్న యాష్ తేలిక, బలహీనం.

నార వాలు సంగతికి ఎంత విలువుందో బేస్‌బాల్ వాళ్లకు తెలిసొచ్చింది. అక్కడా ఒకప్పుడు యాష్ బ్యాట్లదే రాజ్యం. 2001లో బారీ బాండ్స్ మేపుల్ బ్యాటుతో ఒకే సీజన్‌లో 73 హోమ్ రన్లు కొట్టాక అందరూ అటు మళ్లారు. 2008కల్లా మేపుల్ బ్యాట్లు రెండు ముక్కలై ఈటెల్లా మైదానంలోకి ఎగరడం పెద్ద సమస్య అయింది. అమెరికా అటవీ శాఖ ప్రయోగశాల విరిగిన బ్యాట్లను పరీక్షించి, వాలుగా పోయే నారే ప్రధాన దోషమని తేల్చింది. యాష్‌లో ఆ వాలు కంటికి కనబడుతుంది, మేపుల్‌లో కనబడదు. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒక సిరా చుక్క. పిడి మీద చుక్క వేస్తే సిరా నార వెంట పాకుతుంది. ఆ పాకుడు పిడి దిశకు 3 డిగ్రీలకు మించి తప్పకూడదు.

క్యూతో అలాంటి దెబ్బలు ఎవరూ కొట్టరు, విరుగుతుందన్న భయం లేదు. (స్టీఫెన్ హెండ్రీ ఏడు ప్రపంచ టైటిళ్లు గెలిచిన క్యూ 2003లో విరిగింది కానీ ఆటలో కాదు, విమాన ప్రయాణంలో.) మన సమస్య వంపు. తేమ పీల్చిన కలప పొడవు పెద్దగా మారదు, అడ్డంగా ఉబ్బుతుంది. నార వాలుగా ఉన్న కర్రలో ఈ ఉబ్బు ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా పనిచేసి కర్ర వంగుతుంది. విశాఖ ఉక్కపోతలోంచి ఏసీ హాల్లోకి, మళ్లీ ఎండలో నిలిపిన కారు డిక్కీలోకి తిరిగే క్యూకి ఇది రోజూ పరీక్షే.

చేతికి తగిలే తీరు వేరే సంగతి. యాష్ గొట్టాల నోళ్లు తెరిచే ఉంటాయి. వాటిని పూడ్చి, అవిసె నూనె పట్టిస్తారు. అయినా వేళ్ల మధ్య సన్నటి గరుకు తెలుస్తుంది. మేపుల్ అప్పుడే గీసిన గడ్డంలా నున్నగా జారుతుంది. చెమట చేతులవాళ్లకు గరుకే నయమనిపించవచ్చు, ఇంకొకరికి చిరాకు తెప్పించవచ్చు. కళ్లదీ అంతే. కొందరికి బాణాలు గురికి తోడు, కొందరికి గురి తప్పించే గోల.

నన్నడిగితే మొదటి క్యూకి యాష్ అంటాను, మేపుల్ తక్కువదని కాదు, యాష్ దగ్గర దాపరికం లేదని. అయితే ఈ సలహా ఎన్నాళ్లు చెల్లుతుందో. 2002లో అమెరికాలోని డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఒక పచ్చ పురుగు కోట్ల యాష్ చెట్లను బెరడు కింద తొలిచి చంపేసింది. ఐరోపాలో ఒక బూజు తెగులు 1990ల నుంచి ఇదే పని చేస్తోంది, 2012లో బ్రిటన్ అడవుల్లోనూ కనబడింది. ఇలాగే సాగితే అందరి చేతుల్లోకీ మేపులే రావచ్చు. ఆ రోజుకి జేబులో ఒక సిరా పెన్ను ఉంచుకోండి, దుకాణదారు ఒప్పుకుంటే.