ఆచూకీ లేని కొడుకు

చిరంజీవులకు ఆశీస్సులు.

యుద్ధవార్తల్లో 'ఆచూకీ తెలియలేదు' అని రాస్తారే, అంటే ఆ సైనికుడు చనిపోయినట్టా, బతికి ఉన్నట్టా అని మీరు అడిగారు. రెండూ కాని ఆ మాట ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో తెలియాలంటే మీకు ఒకరి కథ చెప్పాలి.

మీకు ఇష్టమైన మోగ్లీని సృష్టించిన రడ్యార్డ్ కిప్లింగ్ 1865లో బొంబాయిలో పుట్టి, 1907లో నోబెల్ బహుమతి అందుకున్న ఆంగ్ల రచయిత. మన దేశాన్ని ఏలడం తెల్లవారి బాధ్యత అని నమ్మిన మనిషి కూడాను. అది మరచిపోకుండానే ఆయన దుఃఖాన్ని అర్థం చేసుకోండి. ముగ్గురు బిడ్డల్లో పెద్దదైన జోసెఫిన్ 1899లో ఆరేళ్ల వయసులో న్యుమోనియాతో పోయింది. మిగిలినవారు ఎల్సీ, ఆమె తర్వాత 1897 ఆగస్టు 17న పుట్టిన జాన్.

1914లో మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు జాన్ సైన్యంలో చేరబోతే చూపు బాగా తక్కువని తిప్పి పంపారు. కథ అక్కడితో ఆగిపోవలసింది. యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన ఆ తండ్రి మాత్రం తన మిత్రుడు, పేరుపొందిన బ్రిటిష్ సేనాని అయిన లార్డ్ రాబర్ట్స్‌ను అడిగి బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ గార్డ్స్ రెజిమెంటులో కొడుక్కి అధికారి పదవి ఇప్పించాడు. కొడుకు కోరిక కూడా అదే కనుక నేను ఆ తండ్రిని పూర్తిగా తప్పు పట్టలేను, పూర్తిగా విడిచిపెట్టనూ లేను.

పద్దెనిమిది నిండిన 41 రోజులకు, 1915 సెప్టెంబరు 27న, ఫ్రాన్సులోని లూస్ యుద్ధంలో జాన్ గాయపడి కనబడకుండా పోయాడు. ఇంటికి వచ్చిన తంతిలో ఉన్నది అంతే. శవం దొరకలేదు కనుక బందీగా పట్టుబడి ఉండవచ్చునన్న ఆశ చావలేదు. కిప్లింగ్, భార్య కేరీ ఆ రెజిమెంటులో గాయపడి వచ్చిన సైనికులను వెతికి పట్టుకుని, చివరిసారి మా అబ్బాయిని ఎక్కడ చూశారని ఒక్కొక్కరినీ అడిగారు. చనిపోయాడన్న కబురు వస్తే ఏడ్చి ఎప్పటికో ఊరడిల్లవచ్చు; వీరికి ఆ ఏడుపు మొదలుపెట్టే రోజు కూడా లేకపోయింది.

యుద్ధమృతుల సమాధుల కోసం 1917లో ఏర్పడిన సంఘంలో ఆయన సభ్యుడయ్యాడు. పేరు తెలియని సైనికుల రాళ్లపై చెక్కే, 'దేవునికి తెలిసినవాడు' అనే అర్థమిచ్చే మాటను ఎంపిక చేసింది ఆయనే. ఐరిష్ గార్డ్స్ చరిత్రను రెండు సంపుటాలుగా రాసి 1923లో వెలువరించాడు. నాకు అన్నిటికన్నా బరువుగా తోచేది ఆ పుస్తకమే: అందులో కొడుకు ప్రస్తావన మిగతా అధికారుల పేర్ల మధ్య, గాయపడ్డాడు, ఆచూకీ లేదు అన్నంతవరకే వస్తుంది. ఒక్క విశేషణం కూడా అదనంగా లేదు.

కిప్లింగ్ 1936లో, కేరీ 1939లో, సంతానం లేని ఎల్సీ 1976లో కన్నుమూశారు. 1992లో ఆ సమాధుల సంఘంవారే లూస్ దగ్గరి శ్మశానంలో పేరు లేకుండా ఉన్న ఒక ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంటు సమాధి జాన్‌దేనని ప్రకటించారు. కాదన్న చరిత్రకారులు కొందరున్నారు. అప్పటిదాకా ఆ రాతిమీద ఉన్నది తండ్రి ఎంచిన ఆ మాటే.

మీ తాతయ్య