నెల రోజుల మాంసాహార దీక్ష: అపోహలు – వాస్తవాలు

జనవరి దగ్గర పడేసరికి నా ఓపీలో ఒకే ప్రశ్న రకరకాల గొంతుల్లో వినిపిస్తుంది: "డాక్టరు గారూ, నెల రోజులు అన్నం, రొట్టె, కూరగాయలు అన్నీ మానేసి మాంసం, గుడ్లు మాత్రమే తింటే షుగర్ పూర్తిగా తగ్గిపోతుందట కదా, మా వాళ్లందరం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, మొదలుపెట్టమంటారా?" అమెరికాలో ఆర్థోపెడిక్ సర్జన్ షాన్ బేకర్ వంటివారి ప్రచారంతో జనవరిని 'కార్నివోర్ నెల'గా పాటించడం మొదలైంది, ఆ అలవాటు ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ల గ్రూపుల దాకా వచ్చింది. ముందుగా అడిగి మొదలుపెట్టేవారి గురించి నాకు పెద్ద దిగులు లేదు. ఎవరినీ అడగకుండా మొదలుపెట్టి, ఆ తర్వాత వాంతులతో, ఆయాసంతో క్యాజువాలిటీకి వచ్చేవారి కోసం ఇది రాస్తున్నాను.

మాంసం తినడం తప్పని చెప్పడానికి కాదు ఇది. మన కంచంలో అన్నం ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ అన్న మాట నిజమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు కూడా ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదని చెబుతున్నాయి. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన సర్వే అంచనా ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు ఉన్నారు. ఆ భయంతో ఏదో ఒకటి చేసి తీరాలని ఒక మనిషి పూనుకుంటే అతన్ని తప్పుపట్టే అధికారం నాకు లేదు. పదిమంది కలిసి చేయడం వల్ల పట్టుదల నిలుస్తుందన్నదీ కళ్లారా చూసిన సంగతే. అయితే ఆ గ్రూపుల్లో చేతులు మారుతున్న ఒక నమ్మకం మాత్రం ప్రాణాల మీదకు తెస్తోంది. మిగిలిన వాటికన్నా దాని గురించే ఎక్కువగా చెప్పాలి.

అపోహ: గ్లూకోమీటరులో షుగర్ నార్మల్‌గా ఉన్నంతకాలం ప్రమాదం లేదు. మొదట్లో వచ్చే నీరసం, వికారం శరీరం అలవాటు పడటం మాత్రమే. ఉప్పునీళ్లు తాగి ఓర్చుకుంటే పోతుంది.

వాస్తవం: ఆరోగ్యంగా ఉండి, ఏ మాత్రలూ వాడనివారి విషయంలో ఈ మాట చాలావరకు సరిపోతుంది. పిండిపదార్థం ఆగిపోగానే ఇన్సులిన్ తగ్గుతుంది, ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో కీటోన్లుగా మారుతుంది, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ ఎక్కువగా వదిలేస్తాయి, దానివల్ల కొద్ది రోజులు తలనొప్పి, నీరసం ఉండి సర్దుకుంటాయి. కానీ డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, రెమోగ్లిఫ్లోజిన్ అనే తరగతి మాత్రలు వాడుతున్నవారి విషయంలో ఇదే మాట అత్యంత ప్రమాదకరం.

ఈ మాత్రలు రక్తంలోని గ్లూకోజును మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. మనిషి అన్నం తింటున్నంతకాలం అది మేలే. పిండిపదార్థం పూర్తిగా మానేసిన మనిషిలో కూడా మాత్ర తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది: గ్లూకోజు ఇంకా బయటకు పోతుంది, ఇన్సులిన్ ఇంకా పడిపోతుంది, దానికి ఎదురుగా పనిచేసే గ్లూకగాన్ పెరుగుతుంది, కీటోన్ల తయారీకి పగ్గం లేకుండా పోతుంది. మామూలుగా పిండిపదార్థం మానేసిన ఆరోగ్యవంతుని రక్తంలో కీటోన్లు లీటరుకు 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ వరకు ఉంటాయి. ఇక్కడ అవి ఆ హద్దు దాటి పెరిగి రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. దీన్నే కీటోఅసిడోసిస్ అంటాం. పాత పద్ధతిలో వచ్చే కీటోఅసిడోసిస్‌లో షుగర్ 300, 400 దాటి మీటరే కేక పెడుతుంది. ఈ మాత్రలతో వచ్చేదానిలో షుగర్ 250 లోపు, ఒక్కోసారి పూర్తిగా నార్మల్‌గా ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి 2015 మే నెలలోనే హెచ్చరించింది.

మన దగ్గర ఈ ప్రమాదం పెరగడానికి ఒక కారణం ఉంది. 2020 అక్టోబరులో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు, 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగియడంతో వీటి ధరలు బాగా తగ్గి, ఒకప్పుడు కొందరికే అందిన మాత్రలు ఇప్పుడు ఊరూరా మందుల షాపుల్లో దొరుకుతున్నాయి. ఇవి మంచి మందులు. గుండెను, మూత్రపిండాలను కాపాడతాయని రుజువైన మందులు. అందుకే షుగర్ లేని గుండె రోగులకూ, కిడ్నీ రోగులకూ వీటిని రాస్తున్నాం. "నాకు షుగర్ లేదండీ, ఇది గుండె మాత్ర" అని నమ్మకంగా చెప్పేవారి చేతిలోని పట్టీ తిప్పి చూస్తే అందులో ఉండేది ఇదే మందు. షుగర్ లేనివారిలో కీటోఅసిడోసిస్ అరుదే గాని, గుండె మాత్ర అన్న ధీమాతో పిండిపదార్థం పూర్తిగా మానేయడం మంచిది కాదు. మెట్‌ఫార్మిన్‌తోనో సిటాగ్లిప్టిన్‌తోనో కలిపిన మాత్రల్లో కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అసలు మందు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కంపెనీ పేరు పట్టించుకోకండి. ఆ చిన్న అక్షరాల్లో 'గ్లిఫ్లోజిన్' అని ముగిసే పేరు ఉందో లేదో చూడండి.

యాభై ఏళ్ల ఒక హార్డ్‌వేర్ షాపు యజమానిని వాళ్లావిడ, బావమరిది చెరో వైపు పట్టుకుని తీసుకొచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మనిషి మాట్లాడుతున్నాడు గాని, ప్రతి నాలుగు మాటలకూ ఆగి లోతుగా గాలి పీల్చుకుంటున్నాడు, నాలుక పిడచకట్టుకుపోయింది. అంతకు ముందు రాత్రి నుంచి వాంతులు. ఆవిడ నా చేతికి ఫోన్ ఇచ్చింది. అందులో దీక్ష మొదలైన నాటి నుంచి ప్రతి ఉదయం తీసి గ్రూపులో పెట్టిన గ్లూకోమీటరు ఫోటోలు వరుసగా ఉన్నాయి: 162, 151, 139, 148. ప్రతి ఫోటో కింద చప్పట్ల బొమ్మలు. ఆ ముందు రోజు ఆయన "కడుపులో తిప్పుతోంది, అన్నం వాసన కూడా పడటం లేదు" అని రాస్తే, "అది మంచి సూచనే, పాయా నీళ్లలో ఉప్పు ఎక్కువ వేసుకుని తాగండి అన్నా" అని వచ్చిన జవాబూ ఉంది. "షుగర్ నూట నలభై ఎనిమిదే కదా డాక్టరు గారూ, మరి ఇలా ఎందుకైంది?" అని ఆవిడ అడిగింది. రక్తపరీక్షలో, ఆమ్లాన్ని అదుపులో ఉంచే బైకార్బనేట్ బాగా పడిపోయి ఉంది, కీటోన్లు తీవ్రంగా ఉన్నాయి. ఆయన వాడుతున్నది డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర. ఐసీయూలో సెలైన్లు ఎక్కించి, షుగర్ నార్మల్‌గా ఉన్నా ఇన్సులిన్ ఇస్తూ, అది పడిపోకుండా పక్కనే గ్లూకోజు కూడా ఎక్కించాం. కోలుకుని ఇంటికి వెళ్లారు. ఇంకొక్క రాత్రి ఓర్చుకుని ఉంటే ఏమయ్యేదో ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

జవాబు రాసిన ఆ సభ్యుడు చెడ్డవాడు కాడు. తనకు పనిచేసిన చిట్కానే ప్రేమగా చెప్పాడు. ఒకరి ఒంటికి సరిపోయిన సలహాను ఇంకొకరి మందుల చీటీ చూడకుండా అందరికీ పంచడం దగ్గరే చిక్కు వస్తోంది. పైగా ఇబ్బంది పడినవారు మాట్లాడకుండా గ్రూపు నుంచి వెళ్లిపోతారు. మిగిలేవి బాగుపడినవారి మాటలే కాబట్టి కొత్తగా చేరినవారికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గ్రూపులు నడిపేవారికి నా విన్నపం ఒక్కటే: చేరేవారి బరువు, నడుము కొలత అడిగే ముందు రోజూ వేసుకునే మాత్రల పట్టీల ఫోటో అడగండి. 'గ్లిఫ్లోజిన్' కనిపించినా, ఇన్సులిన్ ఉన్నా డాక్టరు చీటీ లేకుండా చేర్చుకోకండి.

ఈ మాత్ర వాడుతున్నవారు తమంతట తాము దాన్ని మానేసి మాంసాహారం మొదలుపెట్టడం కూడా సరికాదు. షుగర్ కోసం మాత్రమే రాసినదైతే వైద్యుడు దాన్ని ఆపి మరొకటి ఇవ్వగలడు. ఆపిన తర్వాత కూడా దాని ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది కాబట్టి, ఆపరేషన్లకు ముందు కనీసం 3 రోజులు ఆపమన్నట్టే ఇక్కడా వ్యవధి ఇవ్వాలి. గుండె బలహీనత కోసమో కిడ్నీల కోసమో రాసినదైతే వదులుకోవలసింది దీక్షనే, మాత్రను కాదు. ఇప్పటికే మొదలుపెట్టేసి ఇది చదువుతున్నవారు గాభరా పడవద్దు. ఈ రోజే మీ వైద్యునితో మాట్లాడండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, తట్టుకోలేని నీరసం వీటిలో ఏది వచ్చినా మీటరు ఎంత చూపినా సరే ఆసుపత్రికి వెళ్లి, "నేను ఫలానా మాత్ర వాడుతున్నాను, పిండిపదార్థం మానేశాను, రక్తంలో కీటోన్లు చూడండి" అని మీరే చెప్పండి. ఎందుకంటే 148 చూసి గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేసే అవకాశం చిన్న ఊళ్లలోనే కాదు, పెద్ద ఆసుపత్రుల్లోనూ ఉంది.

అపోహ: మాంసం షుగర్ పెంచదు కాబట్టి పాత మోతాదులే కొనసాగించవచ్చు.

వాస్తవం: ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వాడుతున్నవారు అన్నం మానేసి అదే మోతాదు వేసుకుంటే షుగర్ 70 కిందకు పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. ఎంత తగ్గించాలో మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి. టైప్ 1 మధుమేహులు ఇన్సులిన్ ఏ కారణంగానూ పూర్తిగా ఆపకూడదు. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గుతాయి కాబట్టి బీపీ మాత్రలు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మందు కలిసినవి వాడేవారు లేచి నిలబడగానే తూలిపడే ప్రమాదం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ప్రయోగం జోలికి వెళ్లకూడదు; పాలిచ్చే తల్లులకు ఏ మాత్రలూ లేకుండానే కీటోఅసిడోసిస్ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

అపోహ: మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గానంటే కొవ్వు కరిగిపోతున్నట్టే.

వాస్తవం: అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో గ్లూకోజు నిల్వగా ఉండే గ్లైకోజెన్ ప్రతి గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది; నిల్వ ఖర్చు కాగానే ఆ నీరూ పోతుంది, అన్నం మొదలుపెట్టగానే తిరిగి వస్తుంది.

అపోహ: స్కిన్‌లెస్ చికెన్ బ్రెస్ట్ మాత్రమే తింటే కొవ్వు భయం లేకుండా ఫలితం దక్కుతుంది.

వాస్తవం: ఇది మన దగ్గరే ఎక్కువగా చేసే పొరపాటు. 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో, ఉత్తర ధ్రువ ప్రాంత అన్వేషకుడు స్టెఫాన్సన్, ఆయన సహచరుడు ఆండర్సన్ వైద్యుల పర్యవేక్షణలో మొదలుపెట్టి ఏడాది పాటు మాంసం మాత్రమే తిన్నారు. కొవ్వు తీసేసిన మాంసం మాత్రమే పెట్టినప్పుడు స్టెఫాన్సన్ రెండు మూడు రోజుల్లోనే వికారంతో, విరేచనాలతో బాధపడ్డారు. కొవ్వు కలిపాక కోలుకున్నారు. వాళ్లకు అందిన శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా కొవ్వు నుంచే వచ్చింది. అయితే వాళ్లు ఏ మాత్రలూ వాడని ఆరోగ్యవంతులు, ఇద్దరే ఇద్దరు, అదీ వైద్యుల కళ్లెదుట చేశారు. ఆ ప్రయోగాన్ని ఉదాహరణగా చూపే గ్రూపులు ఈ సగం చెప్పడం లేదు.

అపోహ: మాంసం తింటే కిడ్నీలు పాడవుతాయి, కొలెస్ట్రాల్‌తో గుండె ఆగిపోతుంది.

వాస్తవం: ఇది ఎదుటి పక్షం పుట్టించే వదంతి, దీన్నీ సహించే ఓపిక నాకు లేదు. ఆరోగ్యకరమైన కిడ్నీలకు నెల రోజుల మాంసం ముప్పు తెస్తుందనడానికి ఆధారం లేదు. వండిన మాంసం తిన్న కొన్ని గంటల దాకా కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కాస్త పెరిగి కనిపిస్తుంది గనుక పరీక్షకు ముందు రోజు మాంసం మానండి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారి సంగతి వేరు, వారు ఇది చేయకూడదు. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కొందరిలో చాలా ఎక్కువగా పెరుగుతుంది, ఎవరిలో పెరుగుతుందో ముందే చెప్పలేం. మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల చివర ఒకసారి చూసుకోవాలి. గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) ఉన్నవారికి కార్జం, తలకాయ, బోటీ పడవు. మలబద్ధకం చాలామందికి వస్తుంది.

అపోహ: నెల పూర్తయ్యాక మాత్రలు లేకుండా నార్మల్ వచ్చింది కాబట్టి షుగర్ పోయింది.

వాస్తవం: మందులన్నీ ఆపిన తర్వాత కనీసం 3 నెలలకు చూసిన హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు ఉంటేనే దాన్ని ఉపశమనం అంటామని 2021లో అంతర్జాతీయ నిపుణులు నిర్ణయించారు. హెచ్‌బీఏ1సీ గత రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి నెల రోజులకు అది పూర్తి కథ చెప్పదు. మరో సంగతి: నెల తర్వాత మొదటిసారి అన్నం తిన్న రోజున షుగర్ అనుకున్నదానికన్నా ఎక్కువగా రావచ్చు, అది చూసి జబ్బు ముదిరిందని కుంగిపోవద్దు. పిండిపదార్థానికి శరీరం మళ్లీ అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది. గ్లూకోజు తాగించి చేసే పరీక్షకు ముందు 3 రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం తినమనేది అందుకే. అన్నాన్ని కొద్దికొద్దిగా మొదలుపెట్టి, ఆ వారమంతా ఉదయం, భోజనం చేసిన రెండు గంటలకు షుగర్ రాసుకుని, తగ్గించిన మాత్రలను ఏ మోతాదులో తిరిగి మొదలుపెట్టాలో ఆ కాగితం చూపించి మీ వైద్యునితో నిర్ణయించుకోండి. ఆపేసిన 'గ్లిఫ్లోజిన్' మాత్రను మాత్రం అన్నం మామూలుగా తినడం మొదలయ్యాకే వేసుకోవాలి.